మన ఇల్లు ఏ రకం కుటుంబం?

ప్రియమైన తమ్ముళ్ళూ, ఈ హాస్టల్లో నాతోపాటు ఒకే బకెట్టు నీళ్ళు పంచుకున్న పాత మిత్రులూ!

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురొచ్చింది. కవిత అల్లే విద్య నాకు లేదు. పదిహేనేళ్ళుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. అందుకని ఆ పుస్తకాల్లోని ఒక పాఠం గురించే నాలుగు మాటలు రాస్తాను. ఆ పాఠం పేరు 'కుటుంబం'. అందరూ తేలికనుకునే పాఠం అది. ఉమ్మడి కుటుంబం ఒకటి, వ్యష్టి కుటుంబం ఒకటి, రెంటికీ తేడాలు నాలుగు రాస్తే చాలు, మార్కులు పడిపోతాయి. పరీక్ష అయిపోగానే మరిచిపోతాం. నా మటుకు నాకు, మనబోటి పిల్లలు మరిచిపోకూడని పాఠం ఏదైనా ఉందంటే అది ఇదే.

ముందు పుస్తకం ఏమంటుందో చూద్దాం. అమెరికాకు చెందిన జార్జ్ మర్డాక్ 1949లో కుటుంబానికి ఒక నిర్వచనం ఇచ్చాడు. ఒకచోట కలిసి ఉండటం, సంపాదన ఖర్చుల్లో ఒకరికొకరు తోడుగా ఉండటం, పిల్లల్ని కనటం కుటుంబ లక్షణాలన్నాడు. సమాజశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ దీనితోనే మొదలుపెడతాడు. నేను చదువుకునే రోజుల్లో మా ఇంటిని ఈ కొలతతో కొలవబోతే ఎక్కడా కుదరలేదు. మా నాయన వారమంతా మాచర్ల వైపు నాపరాళ్ళ క్వారీలో ఉండేవాడు. నేను హాస్టల్లో. నాయనమ్మకి వంతులు, నెల మా ఇంట్లో అయితే నెల పెదనాయన ఇంట్లో. ఇంటి దగ్గర అమ్మ, అక్క, చెల్లి, చంటి తమ్ముడు. మరి మాది ఉమ్మడి కుటుంబమా, వ్యష్టి కుటుంబమా? నాయనమ్మ వచ్చిన నెల ఉమ్మడి, వెళ్ళిన నెల వ్యష్టి అని రాయాలా?

ఈ చిక్కు నా ఒక్కడిదే కాదని తరవాత పెద్ద చదువుల్లో తెలిసింది. మన దేశపు కుటుంబాల మీద ఎ.ఎం. షా అనే పండితుడు 1973లో ఒక పుస్తకం వెలువరించాడు. ఒక కప్పు కింద ఉండి తినేవాళ్ళు వేరు, కుటుంబం వేరు, రెంటినీ కలిపేసి మాట్లాడకూడదని అందులో తేల్చి చెప్పాడు. కప్పులు నాలుగైనా కుటుంబం ఒకటే కావచ్చు. పనికోసం నాలుగు దిక్కులకు పోయే మన ఇళ్ళకు సరిగ్గా సరిపోయే మాట ఇది.

అప్పట్లో మాకు సాంఘికశాస్త్రం చెప్పిన మాస్టారికి ఈ పుస్తకాలు తెలుసో లేదో నాకు తెలియదు. "మార్కులకోసం పుస్తకంలో ఉన్నది రాయండి. మీ ఇంటి సంగతి మాత్రం నోటు పుస్తకం వెనకపేజీలో రాయండి" అన్నారు. బోర్డు మీద ఐదు గళ్ళ పట్టిక గీశారు. పేరు, వయసు, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా చేసే పనులు, ఎంతవరకు చదివారు, ఎందుకు మానేశారు. ఆ సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు నింపుకుని రమ్మన్నారు.

నింపుతుంటే నాకు కొత్త సంగతులు తెలిశాయి. అక్క పేరు పక్కన పనుల గడి చాల్లేదు, కింది వరసలోకి కూడా పోయింది. బోరింగు నీళ్ళు, ఊడ్చడం, అంట్లు, కూలి, మళ్ళీ నీళ్ళు, రాత్రి రొట్టెలు. నా గడిలో 'చదువుకోవడం' అని ఒక్క మాట. అక్క అయిదో తరగతి వరకే చదివింది. చివరి గడిలో ఏం రాయాలని అమ్మను అడిగితే "ఇంట్లో పనెక్కువై మానేసిందని రాయి" అంది. పక్కనే బియ్యం చెరుగుతున్న అక్క చేట ఆపి, "నేను మానలేదు, మాన్పించారు. అట్లా రాయి" అంది. కోపంగా అనలేదు. లెక్క తప్పు పోతుంటే సరిచేసినట్టుగా అంది. అమ్మ ఏమీ అనలేదు.

సెలవుల తరవాత తరగతిలో అందరి పట్టికలూ పక్కపక్కన పెట్టి చూశాం. 'చదువు రాక' అని ఒక్కరి ఇంట్లో కూడా లేదు. చంటిబిడ్డను ఎత్తుకోవడానికి, మిరపకోతలకు, పత్తితీతకు, హైస్కూలు పక్క ఊళ్ళో ఉందని, పెద్దమనిషైందని. ఈ కారణాలన్నీ దాదాపుగా ఆడపిల్లల పేర్ల పక్కనే ఉన్నాయి. ఒక ఇల్లయితే తలరాత అనుకోవచ్చు. నలభై ఇళ్ళలో ఒకే గడిలో ఒకే మాట ఉంటే అది తలరాత కాదు, ఏర్పాటు. సమాజశాస్త్రం అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మగవారి అక్షరాస్యత సుమారు 75 శాతం, ఆడవారిది సుమారు 59 శాతం. పుస్తకంలో ఈ అంకెలు చూసినప్పుడల్లా నాకు అక్క చేట ఆపిన సంగతే గుర్తొస్తుంది. ఆ రెండు అంకెల మధ్య తేడాలో ఎంతమంది 'మాన్పించినవాళ్ళు' ఉన్నారో!

ఇల్లు చదువును ఎలా నడిపిస్తుందో పెద్ద పెద్ద పరిశోధనలే చెప్పాయి. 1966లో అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ బృందం సుమారు 6 లక్షల మంది పిల్లల్ని పరిశీలించింది. పిల్లల చదువులో కనబడే తేడాలకు బడి సౌకర్యాలకంటే ఇంటి స్థితిగతులతోనే ఎక్కువ సంబంధం ఉందని తేల్చింది. ఫ్రాన్సులో పియరీ బోర్దియూ దీన్నే 'సాంస్కృతిక పెట్టుబడి' అన్నాడు. పుస్తకాలున్న ఇల్లు, బడి భాష మాట్లాడే తల్లిదండ్రులు, "ఇవాళ ఏం చెప్పారు?" అని అడిగే మనిషి, ఇవన్నీ డబ్బులాగే ఒక తరం నుంచి ఇంకో తరానికి అందే ఆస్తి. కొందరు పిల్లలు బడికి వచ్చేటప్పటికే ఆ ఆస్తితో వస్తారు. మనం ట్రంకు పెట్టెతో వచ్చాం.

అంటే మన గతి ఇంతేనా? కాదు. హాస్టలు పుట్టింది అందుకే. డాక్టర్ అంబేద్కర్ 1924లో బహిష్కృత హితకారిణి సభను స్థాపించారు. ఆ సభ తొలినాళ్ళలో చేసిన పనుల్లో ఒకటి 1925లో సోలాపూర్‌లో విద్యార్థులకోసం హాస్టలు తెరవడం. బడి ఒక్కటీ ఉంటే చాలదు, సాయంత్రం దీపం, రెండు పూటలా అన్నం, పక్కన చదువుకునే తోటివాడు కూడా కావాలని ఆయన గుర్తించారు. మన స్టడీ అవర్ అదే. ఆ రెండు గంటలు నీళ్ళు మొయ్యమని, బిడ్డను ఎత్తుకోమని ఎవరూ పిలవరు. వేరే ఇళ్ళలో పిల్లలకు పుట్టుకతో దొరికేది మనకు సర్కారు హాస్టలు ద్వారా దొరుకుతోంది. జనగణన వారి లెక్కలోనూ హాస్టలు ఒక కుటుంబం కిందే వస్తుంది. బంధుత్వం లేనివాళ్ళు ఒక సంస్థలో ఉంటూ ఒకే వంటశాలలో తింటే దాన్ని 'సంస్థాగత కుటుంబం' అంటారు. 2027 జనగణనలో మనవాళ్ళని అలాగే రాసుకుపోతారు.

రక్తం పంచుకున్నవాళ్ళే కుటుంబం కాదని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు, మన పల్నాడే చాలు. పల్నాటి యుద్ధం మొదలైంది నలగామరాజు, మలిదేవరాజు అనే సవతి అన్నదమ్ముల పేచీతోనే. ఒకే తండ్రి బిడ్డలు కారెంపూడి నేల మీద రక్తం పారించుకున్నారు. అదే కథలో బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్నాడంటారు, కులం చూడకుండా అందరినీ ఒక చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడంటారు. మన భోజనాల వరసలో కూర్చున్నప్పుడు నాకు ఆ కథ గుర్తుకొచ్చేది. 1895లో వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువా తల్లిదండ్రులవి వేరువేరు కులాలు. ఆ కుటుంబాన్ని రెండు వైపులవాళ్ళూ దూరం పెట్టారు. అయినా ఆ ఇంటినుంచే అంత పెద్ద కవి వచ్చాడు.

కుటుంబం మనుషులు చేసుకున్న ఏర్పాటైతే, దాన్ని మనుషులే మార్చుకోవచ్చు కూడా. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగింది. రాత్రి బడి వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుడువల్ల చితికిపోయిన సంసారం కథ అది. చదివిన ఆడవాళ్ళు అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టారు. దూబగుంటలో సారా అమ్మకం ఆపించారు. ఆ నిప్పు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పాఠంలో తమ ఇంటిని చూసుకున్నవాళ్ళు ఎంత పని చేయగలరో అది చూపించింది.

చట్టమూ అలాగే కుటుంబాన్ని మార్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇస్తూ 1986లో చట్టం చేశారు, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేశారు. 2005లో దేశమంతటా కూతుళ్ళకు ఆ హక్కు వచ్చింది. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు ఒక అమ్మాయి లేచి, "సార్, మా ఇంట్లో పంచుకోడానికి పొలమే లేదు" అంది. నిజమే, మనలో చాలామందికి సెంటు భూమి లేదు. మన ఇళ్ళలో పంచుకోదగ్గ ఆస్తి చదువు ఒక్కటే. దాన్నైనా సమంగా పంచుకోవాలి కదా!

మా ఇంట్లో ఆ పంపకం ఎలా జరిగిందో చెబుతాను. ఆ ఏడు అక్క కూలికి అందివచ్చింది. ఇక చంటివాణ్ణి చూసే పని మూడో తరగతి చదువుతున్న చెల్లిమీద పడబోతోంది. మిరపకోతలు మొదలవగానే బడి మాన్పించాలని అనుకున్నారు. పండగకు నాయన వచ్చాడు. పట్టిక మొత్తం ఆయనకు చదివి వినిపించాను. అమ్మ ఒకే మాట అడిగింది: "అయితే పిల్లోణ్ణి ఎవరు చూస్తారు? నీళ్ళెవరు తెస్తారు?" ఆ ప్రశ్నలో తప్పులేదు. చదువు గొప్పదని ఎంత చెప్పినా బిందెలో నీళ్ళు నిండవు. అందుకని చదువు గురించి ఇంకేమీ చెప్పలేదు, పనులే మళ్ళీ పంచుకున్నాం. కోతలైపోయేదాకా నాయనమ్మ మా ఇంట్లోనే ఉండి చంటివాణ్ణి చూసేట్టు పెదనాయనతో మాట్లాడారు. నాయన ఇంటికొచ్చిన రోజుల్లో సైకిలుకు రెండు బిందెలు కట్టి నీళ్ళు తెచ్చాడు. ఊళ్ళో నవ్వారు, నాలుగు రోజులకు నవ్వటం మానేశారు. చెల్లి బడి ఆగలేదు. తరవాత ఆడపిల్లల హాస్టల్లో చేరి పది పాసైంది, ఇప్పుడు నర్సుగా పనిచేస్తోంది. అక్క మాత్రం బడికి తిరిగి పోలేదు. డ్వాక్రా సంఘంలో సంతకం చేస్తుంది, పాసుపుస్తకం తనే చదువుకుంటుంది. ఆమెకు రావలసింది అంతకంటే ఎక్కువ. ఆ బాకీ ఇంకా తీరలేదు.

తమ్ముళ్ళూ, ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీరూ ఆ ఐదు గళ్ళ పట్టిక రాయండి. పనుల గడి ఎవరిది నిండిపోతుందో చూడండి. చివరి గడిలో 'మానేసింది' అని రాసేముందు ఆ మనిషినే అడగండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు చదువు హక్కని చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండకుండా ఆడపిల్లకు పెళ్ళి చేస్తే నేరం. చెప్పినా ఇంట్లో వినకపోతే వార్డెన్ గారికో, మీ మాస్టారికో చెప్పండి, 1098 నంబరుకు ఫోన్ చేయండి. బడి మాన్పించిన అక్కయ్యలుంటే సార్వత్రిక పాఠశాల ద్వారా పది రాసే దారి ఉంది.

అన్నిటికంటే ముందు ఆ ఇంట్లో మిగిలే పనిలో మీ వంతు ఏదో చూసుకోండి. సెలవుల్లో రెండు బిందెల నీళ్ళు మీరే తెండి. చెల్లికి ఆ అరగంటైనా పుస్తకం పట్టుకునే తీరిక దొరుకుతుంది.