పొగ బయటికి, వేడి లోపలికి

మా ఎనుమాములలో మిర్చి సీజన్ వచ్చిందని క్యాలెండర్ చూసి తెలుసుకోనక్కర్లేదు. తుమ్ములే చెప్పేస్తాయి. జనవరి దాటిందంటే మార్కెట్ రోడ్డు మీద ట్రాక్టర్లు, ఆటో ట్రాలీలు బారులు తీరతాయి. ఆసియాలోని పెద్ద వ్యవసాయ మార్కెట్లలో మాదీ ఒకటని చిన్నప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో కిటికీలన్నీ మూసుకుని మీటింగ్‌లో కూర్చున్నా, మధ్యలో రెండు తుమ్ములు పడాల్సిందే.

ఈ మార్కెట్లో రైతు ఆరు నెలల కష్టానికి మార్కులేసేది ఒక చెయ్యి. ఖరీదుదారు బస్తాలోకి చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు. నలిపి చూస్తాడు. చెవి దగ్గర ఆడిస్తాడు. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. కాయ రబ్బరులా వంగిందంటే తేమ ఉన్నట్టు, ఇక రేటు కిందికి చూడాల్సిందే. అందులో ఆయన తప్పు కూడా లేదు. తేమతో ఉన్న మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టినా బూజు పడుతుంది. కొన్ని రకాల బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది బయటపడితే విదేశాలకు పోయే సరుకు వెనక్కి వస్తుంది. అందుకే 10, 11 శాతం తేమకు దించమంటారు.

మా కాకకు నెక్కొండ వైపు మూడెకరాల మిర్చి. తేజ రకం. కల్లంలో ఎండబెట్టి, బస్తాలకెత్తి, అమ్మే ముందు ఎనుమాములలో మా ఇంటి వెనక ట్రాక్టర్ షెడ్డులో దించుతాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో సరిగ్గా ఆఖరి ఎండ తగలాల్సిన వారంలో మబ్బు పట్టింది. రెండు రోజులు చినుకులు. పట్టాలు కప్పి కాపాడుకున్నాడు గానీ, తెలిసినాయన తేమ మీటరు పెట్టి చూస్తే 16 శాతం. సరుకు 12 క్వింటాళ్లు.

నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు కెనడాలో ఉంటాడు. అక్కడి చలికి గ్యారేజీలో కారు పని చేసుకోవాలంటే చేతులు పనిచేయవట. అందుకని చిన్న డీజిల్ హీటర్ పెట్టుకున్నాడు. నిజానికి ఇవి లారీ డ్రైవర్లు రాత్రిపూట క్యాబిన్‌లో వెచ్చగా పడుకోవడానికి పుట్టినవి. జర్మనీలో వెబాస్టో, ఎబర్‌స్పాచర్ కంపెనీలు ఏళ్ల తరబడి చేస్తున్నాయి. ఇప్పుడు చైనావి తక్కువ ధరకు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. లోపల డీజిల్ ఒక చిన్న గదిలో మండుతుంది. ఆ గది బయటి గోడ మీదుగా ఫ్యాన్ మంచి గాలిని తోస్తే అది వేడెక్కి బయటికొస్తుంది. పొగ మాత్రం వేరే పైపులోంచి పోతుంది. రెండూ కలవవు. మిర్చికి నాకు నచ్చింది అదే. పొగ తగిలితే వాసన పడుతుంది, మసి పడుతుంది.

అలా ఒక హీటర్ మా షెడ్డుకు వచ్చింది. మొదటిసారి వెలిగించినప్పుడు కాక చూపు వేడిగాలి మీద లేదు, పొగ గొట్టం మీద ఉంది. కొంచెం దూరంలో చెయ్యి పెట్టి చూసి, “ఏందిరా బిడ్డా, సగం వేడి గిట్లనే పోతాంది! గిది గూడ లోపలికి మలపరాదా?” అన్నాడు.

మా క్లాస్‌మేట్ కూడా ఆ పనే చేశాడు, పొగ గొట్టానికి ఇంట్లోనే రేడియేటర్ కట్టుకున్నాడు. అయితే నేను పైపు కొనకముందు లెక్క చేశాను. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఉంటుంది. హీటర్ ఫుల్లుగా తిరిగితే గంటకు అర లీటరు తాగుతుంది, అంటే 5 కిలోవాట్లు. అందులో సుమారు 4 మంచి గాలికి అందుతాయి. మిగిలిన ఒక్కటి పొగలో పోతుంది. అంటే కాక అన్నట్టు సగం కాదు, ఐదో వంతు. అదంతా కూడా పట్టుకోలేం. పొగను మరీ చల్లబరిస్తే అందులోని ఆవిరి నీళ్లయి పైపులో కారుతుంది. ఆ నీళ్లకు ఆమ్ల గుణం ఉంటుంది, ఇనుమును తినేస్తుంది. అందుకే పొగ 100 డిగ్రీలకు కొంచెం పైనే బయటికి పోవాలి. ఇవన్నీ తీసేస్తే దక్కేది అర కిలోవాటు. రాత్రికి ఎనిమిది గంటలు నడిపితే ₹50 విలువైన డీజిల్.

“₹50 గూడ పైసలే గద” అన్నాడు కాక. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

రేడియేటర్ అనగానే అందరికీ పాత లారీ రేడియేటర్ గుర్తొస్తుంది. పాత ఇనుము దుకాణంలో దొరుకుతుంది కూడా. కానీ పాత ఇత్తడి రేడియేటర్ల అతుకులు టంకంతో వేస్తారు. టంకం 200 డిగ్రీలు రాకముందే కరగడం మొదలుపెడుతుంది. ఇక్కడ పొగ 280 డిగ్రీల దగ్గర వస్తోంది. కొత్త అల్యూమినియం రేడియేటర్లకేమో పక్కన ప్లాస్టిక్ ట్యాంకులు. రెండూ పనికిరావు. జింకు పూత ఉన్న జీఐ పైపు కూడా వద్దనుకున్నాను. వెల్డింగ్ చేసేటప్పుడు దాని పొగ పీల్చిన వాళ్లకు జ్వరం వస్తుంది.

చివరికి స్టెయిన్‌లెస్ స్టీల్ పైపులు తెచ్చాం. పొగ రెండు పైపులుగా చీలి, మీటరు దూరం పోయి, యూ ఆకారంలో తిరిగి మళ్లీ మీటరు వెనక్కి వస్తుంది. రెండే ఎందుకంటే, ఒకే పొడుగు పైపు పెడితే హీటర్‌లోని చిన్న ఫ్యాన్ పొగను తోయలేదు. అప్పుడు డీజిల్ సరిగా మండదు, మసి పేరుకుంటుంది. అలాగని పది పైపులుగా చీలిస్తే పొగ నెమ్మదించి, మధ్యలో ఉన్నది గోడను తాకకుండానే వెళ్లిపోతుంది. పైపుల మీద రేకు ముక్కలు రెక్కల్లా అతికించాం. మొత్తాన్ని ఒక రేకు డబ్బాలో పెట్టి, ఒక పక్కనుంచి టేబుల్ ఫ్యాన్‌తో గాలిని లోపలికి తోశాం. పీల్చేలా కాకుండా తోసేలా పెట్టడానికి కారణముంది: పైపుకు ఎక్కడైనా సన్నని చిల్లు పడితే, డబ్బాలో పీల్చుడు ఉంటే పొగ మిర్చి వైపు లాక్కొస్తుంది. పైపులు బయటి వైపుకు కొంచెం వాలుగా ఉంటాయి, నీళ్లు పట్టినా కారిపోవడానికి. పైపులకూ వెల్డింగ్‌కూ కలిపి ₹2,800 అయ్యింది. డబ్బా పాత కూలర్‌ది.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. కాక ప్రతి ఏడాది బస్తాల పక్కనే మంచం వేసుకుని పడుకుంటాడు. దొంగల భయం. ఇప్పుడు షెడ్డు వెచ్చగా కూడా ఉంటుంది కదా అని ఇంకా సంబరపడ్డాడు.

నేను వద్దన్నాను. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు, ఆ తర్వాత నిద్ర. మెలకువ రాదు. చలికాలంలో గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్న వాళ్ల వార్తలు మీరూ చదివే ఉంటారు. కంపెనీ వాళ్లు చేసిన హీటర్‌కే జాగ్రత్తలు చెప్తారు. నా రేడియేటర్‌లో ఉన్నది ఎనుమాముల వెల్డింగ్.

“నలభై ఏండ్లసంది గీ బస్తాల కాడ్నే పంటున్న. నాకేమైతదిరా?”

“కాకా, నువ్వు లోపల పంటే నేను హీటర్ ముట్టియ్య. గంతే.”

రెండు గంటలు మాట్లాడలేదు. నేను ఫోన్ తీసి ₹1,500కు దొరికే కెమెరా, అంతకు కొంచెం ఎక్కువకు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆర్డర్ పెట్టాను. కెమెరా వచ్చాక షెడ్డు మొత్తం ఆయన ఫోన్లో చూపించాను. ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుని బస్తాలు చూడొచ్చని అర్థమయ్యాక మెత్తబడ్డాడు. హీటర్‌నూ రేడియేటర్ డబ్బానూ షెడ్డు బయట చూరు కింద పెట్టాం. గోడలోంచి లోపలికి పోయేది వేడిగాలి గొట్టాలే. షెడ్డు పైన తేమగాలి పోవడానికి సందు వదిలాం. అది మూసేస్తే ఎంత వేడి పెట్టినా మిర్చి ఎండదు, ఉడుకుతుంది. లోపల 50 డిగ్రీలు దాటనివ్వలేదు. దాటితే రంగు మాడుతుంది. 2025లో జీఐ గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటా మిర్చికైతే ఆ ఎర్రటి రంగే ధర.

రాత్రికి నాలుగు క్వింటాళ్ల చొప్పున నులక మంచాల మీద, వలల మీద పరిచాం. మూడు రాత్రులు, 12 లీటర్ల డీజిల్. పొగ గొట్టం చివర థర్మామీటరు పెడితే 110 డిగ్రీలు. పక్కనే గోనె సంచులుండే చోట 280 డిగ్రీల గొట్టం లేకపోవడం, నా దృష్టిలో, ఆ ₹50 కంటే పెద్ద లాభం.

నాలుగో రోజు కాక కాయను చెవి దగ్గర ఆడించాడు. గలగలమంది.

ఇక డబ్బు లెక్క. 16 శాతం నుంచి పదిన్నరకు దిగితే క్వింటాకు ఆరు కిలోల నీళ్లు పోతాయి. 12 క్వింటాళ్లకు 73 కిలోల తూకం తగ్గినట్టే. క్వింటా ₹14,000 అనుకుంటే ₹10,000కు పైగా, డీజిల్‌కు ఇంకో ₹1,100. కాబట్టి తేమ పేరు చెప్పి క్వింటాకు దాదాపు ₹950 కంటే ఎక్కువ కోసే రోజు అయితేనే హీటర్ వెలిగించాలి. తక్కువ కోస్తే అలాగే అమ్ముకోవడం నయం. ఇక పచ్చి కాయను మొదటి నుంచీ డీజిల్‌తో ఎండబెట్టడం కుదరదు. ఎండుమిర్చి క్వింటాకు వేలల్లో ఖర్చవుతుంది. ఆ పెద్ద పని సూర్యుడు ఉచితంగా చేస్తున్నాడు. మనం కొనాల్సింది మబ్బు పట్టిన రోజుల్లో ఆఖరి కొంచెం వేడి మాత్రమే.

మార్కెట్లో ఆ రోజు ఖరీదుదారు చెయ్యి పెట్టాడు, నలిపాడు, ఆడించాడు. తేమ మాట ఎత్తలేదు. కాక నా వైపు చూసి మీసం సవరించుకున్నాడు.

ఈ సంగతి తెలిసి ఊళ్లో ముగ్గురు అడిగారు, మాకూ ఒకటి చేసిపెట్టమని. పైపుల కొలతలు వాట్సాప్‌లో పంపమన్నారు. పంపుతానన్నాను. కానీ ముందు ముగ్గురినీ ఒకటే ప్రశ్న అడిగాను: రాత్రి ఎక్కడ పడుకుంటారు? ఇద్దరు “బస్తాల కాడ్నే” అన్నారు. వాళ్లకు కొలతల కంటే ముందు అలారం లింకు పంపించాను.