అన్ని సంఖ్యలకును

పదిసార్లు చూచినది పదునొకండవసారియు నట్లే జరుగునని నమ్ముట లోకస్వభావము. వానల విషయములోను, పంటల విషయములోను మనమంతకంటె చేయగలిగినదియు లేదు. సంఖ్యల విషయములో మాత్రము అది చాలదు. ఏలయన సంఖ్యలకు అంతము లేదు; ఎన్ని చూచినను చూడనివే మిగులును.

మా తాతగారు ఒకప్పుడు గ్రామకరణముగా నుండిరి. కూడిక వేసిన పిమ్మట ఆయన తొమ్మిదులు కొట్టివేసి సరిచూచుకొనెడివారు. 2,435కు 1,573 కలిపిన 4,008 వచ్చును. మొదటి సంఖ్యలోని అంకెలను కలుపగా 14, మరల కలుపగా 5; రెండవదానికి 7. ఆ రెండును చేరి 12, అనగా 3. మొత్తములోని అంకెలను కలిపినను 3 వచ్చును గనుక లెక్క సరియని తలచెడివారు. 45కు బదులు 54 వ్రాసిన తప్పును ఈ పరీక్ష పట్టజాలదు. ఆ సంగతి యెరిగియే ఆయన ముఖ్యమైన పద్దులను రెండవమారు కూడెడివారు.

"తాతయ్యా! ఎంత పెద్ద సంఖ్యకైనను ఇది చెల్లునా?" అని యొకనాడు అడిగితిని.

"నలువది యేండ్లుగా చూచుచున్నానురా నాయనా! ఒక్కనాడును తప్పలేదు" అనిరి.

ఆ మాటయందు నాకు గౌరవము కలిగినది. కాని నా ప్రశ్నకు సమాధానము కలుగలేదు. నలువది యేండ్లలో ఆయన చేతిమీదుగా నడచిన సంఖ్యలు లక్షయో, రెండు లక్షలో యుండును. తక్కినవాని మాటయేమి?

సమాధానము పై తరగతిలో దొరకినది. 10 నుండి 1 తీసివేసిన 9, 100 నుండి తీసివేసిన 99, 1,000 నుండి తీసివేసిన 999. ఇవి యన్నియు 9చే నిశ్శేషముగా భాగింపబడును. 4,008లోని నాలుగు వేలు నాలుగు 999లును, ఒక నాలుగును గదా! 999లను కొట్టివేయగా నాలుగు మిగులును. ఎనిమిది ఎట్లును ఉన్నది. అంకెల మొత్తమే మిగిలినది. ఇక 10 యొక్క ప్రతి ఘాతమునకును ఇది చెల్లునని చూపవలెను. 99ని పదిరెట్లు చేసి 9 కలిపిన 999 వచ్చును. 9చే భాగింపబడు సంఖ్యను పదిరెట్లు చేసినను, దానికి 9 కలిపినను ఆ గుణము చెడదు. కావున ఒక మెట్టు నిలిచిన పై మెట్టు నిలుచును; మొదటి మెట్టు 9 నిలిచియే యున్నది. ఈ పద్ధతికి గణితానుగమనమని పేరు. ఫ్రాన్సు దేశీయుడగు పాస్కల్ 1654లో రచించిన గ్రంథమున దీనిని స్పష్టముగా వాడెను. 10కి బదులు 1 కంటె పెద్దదగు మరియే పూర్ణసంఖ్యను తీసికొన్నను మెట్లు ఇట్లే సాగును. 9కి బదులు ఆ సంఖ్యకంటె ఒకటి తక్కువైనది వచ్చును. ఈ మాట గుర్తుంచుకొనుడు.

ఇంత శ్రమ యేల, కొన్ని వందలు చూచిన చాలదా యని మీరడుగవచ్చును. 2 యొక్క 7వ ఘాతము 128. అందుండి 2 తీసివేయగా 126. అది 7చే భాగింపబడును. 6వ ఘాతము 64; 2 పోగా 62; అది 6చే భాగింపబడదు. ప్రధానసంఖ్య యైనచో భాగింపబడును, కానిచో భాగింపబడదు. నేను కాగితముపై ముప్పది వరకు చేసి చూచితిని, ఒక్కటియు తప్పలేదు. ఇందులో మొదటి సగము సత్యమే. ఫెర్మా 1640లో దానిని తెలిపెను. రెండవ సగము 340 వరకు చెల్లును. 341 వద్ద తప్పినది! 341 ప్రధానసంఖ్య కాదు. 11ను 31చే గుణించిన వచ్చునది. అయినను 2 యొక్క 341వ ఘాతమునుండి 2 తీసివేసినచో అది 341చే భాగింపబడును. దీనిని 1819లో సారుస్ అను ఫ్రెంచి గణితజ్ఞుడు చూపెను.

ఆ ఘాతమున 103 అంకెలుండును. దానిని వ్రాయ నక్కరలేదు. 2 యొక్క 10వ ఘాతము 1,024. అందుండి 1 తీసివేసిన 1,023. అది 341కి సరిగా మూడు రెట్లు. ఇప్పుడు మన మెట్లలో 10కి బదులు 1,024ను నిలుపుడు. దాని ప్రతి ఘాతమునుండియు 1 తీసివేసిన 1,023చే, అందువలన 341చే భాగింపబడును. 1,024 యొక్క 34వ ఘాతమే 2 యొక్క 340వ ఘాతము. దానినుండి 1 తీసివేసి రెట్టింపు చేసిన మనము కోరిన సంఖ్య వచ్చినది.

341 తరువాత ఇట్టిది 561. ఆ తరువాత 645. ఇట్టి సంఖ్యలు అనంతముగా నున్నవనికూడ నిరూపింపబడినది.