బేనిషాన్ అని వెతికేవాళ్ళు

పెనుబల్లి, 2025 ఏప్రిల్ 8

రామనవమి వెళ్ళి రెండు రోజులైంది. కాయ పిడికిలి దాటింది. నాన్న పొద్దున్నే తోట చూసొచ్చి, "ఈసారీ అడ్తికే తోలదామా, నీ ఫోను అమ్మిపెడుతుందా?" అన్నాడు. ఆ అడగడంలో ఎగతాళి లేదు, భయం ఉంది. పక్కవాళ్ళు పోయినేడు మామిడి కొట్టేసి పామాయిల్ పెట్టారు. మా చెట్లు ఉండాలో పోవాలో ఈ కాపు తేలుస్తుంది.

వెబ్‌సైటు జనవరిలో పెట్టాను, నాయనమ్మ పేరుతో. గూగుల్‌లో బంగినపల్లి అని కొడితే మూడు పేజీలు తిరగేసినా మేం కనపడం. ఇవాళ ఒక ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. ప్రకటనలకి నెలనెలా కడితే గూగులే మామూలు ఫలితాల్లో కూడా మమ్మల్ని పైకి తెస్తుందట. నమ్మేయాలనిపించింది. కానీ నాన్న డబ్బు. రాత్రి కూర్చుని గూగుల్ సొంత సహాయ పేజీలు చదివాను. ప్రకటన వేసినంత మాత్రాన మామూలు ఫలితాల వరస పైకీ పోదు, కిందికీ రాదని వాళ్ళే రాసుకున్నారు. రేపు ఏజెన్సీకి వద్దని చెప్పేస్తాను.

ఏప్రిల్ 13

నాన్నకి ఎలా చెప్పాలా అని ఆలోచించి, నీలాద్రి జాతరతో చెప్పాను. దారి మొదట్లో కొట్టు పెట్టుకోవాలంటే వేలంపాట పాడాలి. పాట గడువు అయిపోగానే ఖాళీ చేయాలి. అది ప్రకటన. "ఫలానా చోట జీళ్ళు బాగుంటాయి" అని జనం నోట పడ్డ కొట్టు వేరు. అది ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తారు. ఆ పేరు పాటలో దొరకదు.

"అయితే పాట ఎక్కువ పాడినోడిదే ముందు కొట్టా?" అన్నాడు. ఒకప్పుడు అంతే. 1998లో అమెరికాలో గోటూ అనే సెర్చ్ ఇంజన్ పేజీలో స్థానాలనే వేలం వేసింది. 2000 అక్టోబరులో గూగుల్ 350 మంది ప్రకటనదారులతో యాడ్‌వర్డ్స్ మొదలుపెట్టినప్పుడు ప్రకటనల్ని ఫలితాల నుంచి విడిగా ఉంచింది. ఇప్పుడు గూగుల్ ప్రకటనల వేలంలో కూడా పాట ఒక్కటే చాలదు. వెతికిన మాటకి ప్రకటన ఎంత సరిపోయింది, నొక్కి లోపలికి వెళ్తే పేజీ పనికొస్తుందా అనీ చూస్తారు. పేజీ బాగుంటే తక్కువ పాటకే పై చోటు దొరకవచ్చు. అంటే పేజీ మీద పడ్డ కష్టం రెండువైపులా అక్కరకొస్తుంది. డబ్బు మాత్రం ఒకవైపే.

రోజుకి రెండు వందలు పెట్టి, హైదరాబాదు వరకే, నేనే ప్రకటన వేశాను.

ఏప్రిల్ 21

ఇవాళ కళ్ళు తెరుచుకున్నాయి. ప్రకటన ఏయే మాటలకి కనపడిందో గూగుల్ పట్టీ ఇస్తుంది. హైదరాబాదువాళ్ళు బంగినపల్లి అని వెతకడమే తక్కువ. బేనిషాన్! పట్టీలో సగం అదే. చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగ్‌లో వాళ్ళు కొట్టారు. "కార్బైడ్ లేని మామిడి" అని తెలుగులోనే అడిగినవాళ్ళూ ఉన్నారు. నా సైటు మొత్తం గాలించినా బేనిషాన్ అన్న మాట ఒక్కచోట లేదు. మా ఊళ్ళో ఆ మాట ఎవరంటారు! నాకు తెలిసిన పేరే లోకమంతా వాడుతుందనుకున్నాను.

ప్రకటన నొక్కితే తెరుచుకునే పేజీని మార్చేసరికి రాత్రి రెండయింది. బంగినపల్లినే హైదరాబాదులో బేనిషాన్ అంటారని, చిక్కంతో ఎలా కోస్తామో, సొన కాయ మీద కారకుండా తొడిమ ఎందుకు ఉంచుతామో, గడ్డిలో ఎన్నాళ్ళకి మాగుతుందో తెలుగులో, ఇంగ్లీషులో రాశాను. తెలుగులో ప్రకటన వేసే వీలు గూగుల్ 2018లోనే ఇచ్చింది. కానీ ప్రకటన పట్టుకుని వచ్చినవాళ్ళకి చదవడానికి తెలుగు పేజీ కూడా ఉండాలి కదా.

మే 4

అత్తయ్య ఏడుస్తూ ఫోన్ చేసింది. ఒక పుణ్యక్షేత్రంలో గది కోసం వెతికి, అన్నిటికంటే పైనున్నది నొక్కి డబ్బు కట్టేసింది. అది నకిలీ సైటు. "పైనుంది కదే, అసలుదే అనుకున్నా" అంటుంది. పక్కన స్పాన్సర్డ్ అని చిన్న అక్షరాలు. వాటి అర్థం ఆమెకి ఎవరు చెప్పారు? నేనూ చెప్పలేదు. తిరుమల దేవస్థానం 2023లో ఒక నకిలీ వెబ్‌సైటు మీద కేసు పెట్టింది, అది 41వదట. పైనుండటం వేరు, నమ్మదగినదవటం వేరు. ప్రకటన వేసేదాన్ని కాబట్టి ఈ మాట నాకు ఇంకా గట్టిగా గుచ్చుకుంటోంది. సైబర్ మోసాల నంబరు 1930కి ఫిర్యాదు చేయించాను. ఇవాళ తోట పని ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

మే 11

కోత ముమ్మరం. ఆర్టీసీ కార్గోలో పెట్టెలు వెళ్తున్నాయి. రాత్రి లెక్క చూస్తే ప్రకటన ఖర్చులో మూడో వంతు మా తోట పేరు కొట్టి వచ్చినవాళ్ళ మీదే పోయింది. వాళ్ళకి మేం ముందే తెలుసు. పేరు కొడితే పైన మా ప్రకటన, దాని కిందే మా మామూలు లింకు. వేలికి ముందు తగిలింది నొక్కారు. మా ఇంటికి వచ్చే చుట్టాలకి మేమే దారిలో టోల్ కట్టినట్టుంది.

ఇది పెద్దవాళ్ళకీ జరిగింది. 2012 మార్చిలో ఈబే, యాహూలోనూ ఎమ్మెస్సెన్‌లోనూ తన పేరు మీద వేసే ప్రకటనలు ఆపి చూసింది. పోతాయనుకున్న రాకల్లో 99.5 శాతం కిందున్న మామూలు లింకు గుండానే వచ్చాయి. బ్లేక్, నోస్కో, టాడెలిస్ అనే ముగ్గురు ఈ లెక్క తేల్చారు. పాత గిరాకీ మీద పెట్టిన ప్రకటన ఖర్చు వృథా, కొత్తవాళ్ళ మీద మాత్రం పనిచేసిందని వాళ్ళు రాశారు. రేపు మా పేరు మీద ప్రకటన ఆపుతాను. బేనిషాన్ మీద ఉంచుతాను.

మే 19

నిన్నటి గాలివానకి కింద చెట్ల కాయ చాలా రాలింది. నాన్న మాట్లాడలేదు. పగిలినవి ఏరి అమ్మ మాగాయకి తరిగింది.

పేరు మీద ప్రకటన ఆపి వారమైంది. పాతవాళ్ళు ఒక్కరూ తగ్గలేదు. ఒక బెంగ మాత్రం ఉంది, మా పేరు మీద వేరేవాళ్ళు పాట పాడితే? అగర్వాల్ ప్యాకర్స్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2023 ఆగస్టులో చెప్పింది: పరాయి ట్రేడ్‌మార్కుని కీవర్డ్‌గా కొనడం దానంతటదే తప్పు కాదు, కొనేవాళ్ళు పొరబడేలా ఉంటే తప్పు. ఈబేకి ఆ బెంగ లేకపోవచ్చు. మాకు ఉంది. వారానికోసారి నా పేరు నేనే వెతికి చూసుకోవాలి.

జూన్ 15

కాపు అయిపోయింది. ప్రకటన మొన్న ఆపేశాను. ఆపిన కాసేపటికే మాయం, జాతర కొట్టు విప్పేసినట్టు.

ఇవాళ వరంగల్ నుంచి ఒకాయన ఫోన్. "బేనిషాన్ ఎలా మాగబెట్టాలని వెతికితే మీ పేజీ వచ్చింది, కాయలున్నాయా?" లేవని చెప్పి వచ్చే ఏడాదికి పేరు రాసుకున్నాను. నాన్న పక్కనే ఉన్నాడు. "డబ్బు కట్టట్లేదుగా, మరి ఎలా కనపడింది?" ఫోన్ తీసి ఏప్రిల్‌లో రాసిన పేజీ చూపించాను. మొదటి పేజీలో కింద నుంచి రెండోది. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు.

"గడ్డి అని ఊరికే రాస్తే ఎలా? వరిగడ్డి అని రాయి. అడుగున బాగా ఆరింది వేయాలి. కాయ కాయకీ సందు ఉండాలి. మూడో రోజు తిప్పాలి, తొడిమ దగ్గర వాసన చూడాలి." చెప్పుకుంటూ పోతున్నాడు. నేను రాస్తున్నాను. "చిన్నరసాలకి ఇలా కాదు, దానికి వేరే పేజీ పెట్టు" అన్నాడు.