పుట్టినిల్లు విశాఖ, మెట్టినిల్లు కాకినాడ

మా అమ్మాయికి ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో ర్యాంకు వచ్చిన నాటినుంచీ రాజమండ్రిలో ఎవరు ఎదురైనా ఒకటే ప్రశ్న: "కంప్యూటర్సేనా మాస్టారూ?" తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి, నాకేం తెలుస్తుంది? నలుగురితోపాటు నేనూ "అంతే, అంతే" అంటూ వచ్చాను. ఒకనాడు భోజనాల దగ్గర అమ్మాయి, "నేను సివిల్ చదువుతాను నాన్నా" అన్నది. ఆ పూట పెరుగన్నం ఎవరికీ రుచించలేదు.

రెండు రోజుల మౌనం తర్వాత మా ఆవిడ తీర్పు చెప్పింది: "చూడకుండా సంబంధం ఖాయం చేసుకొంటామా? తండ్రీకూతుళ్ళిద్దరూ వెళ్ళి కాలేజీలు చూసి రండి."

మాది ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం. కాకినాడ, విశాఖ రెండూ మాకు స్థానికమే. తిరుపతి, అనంతపురం వేరే ప్రాంతం కిందికి వస్తాయి. అక్కడ మాబోటివాళ్ళకు సీట్లు తక్కువ. అందుచేత విశాఖవైపు రైలెక్కి, ముందుగా సామర్లకోటలో దిగి కాకినాడ చేరాం.

గీత గీసినట్టుండే వీధులు చూసుకొంటూ పిఠాపురం రోడ్డులోని కాలేజీకి వెళ్ళాం. దీనిది చిత్రమైన చరిత్ర. 1946లో పుట్టింది విశాఖపట్నంలో, పెరిగింది కాకినాడలో. ఆడపిల్లలాగ పుట్టిల్లు విడిచి వచ్చిందన్నమాట. అదే ఏడు మద్రాసు గిండీలో మొదలైన మరో కాలేజీ అనంతపురం చేరింది. 1972లో రెండూ జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చేరాయి. 2008లో వేటికవే విశ్వవిద్యాలయాలైనాయి.

ప్రయోగశాలలో అద్దాల గోడల కాలువ ఒకటి ఉంది. మధ్య చిన్న తలుపు. దాని కిందినుంచి నీరు బాణంలా దూసుకువచ్చి, కొంతదూరం పోయి, ఉన్నట్టుండి నురగలు కక్కుతూ పైకి లేచింది. అక్కడి విద్యార్థిని ఒకామె, "నీటి వేగాన్ని ఇలా విరగ్గొట్టకపోతే ఆనకట్ట దిగువ నేలంతా కోసుకుపోతుంది" అని చెప్పింది. మా అమ్మాయి కాలువను వదిలి రాలేదు.

నాకు ధవళేశ్వరం జ్ఞాపకం వచ్చింది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన చోటుకు సాయంత్రాలు అమ్మాయిని తీసుకుపోయేవాణ్ణి. "ఇంత నీళ్ళు ఎలా ఆగుతాయి నాన్నా?" అని అడిగేది. నేను భగీరథుడి కథ చెప్పేవాణ్ణి. ఆ పిల్ల అడిగింది ఆ కథ కాదని తెలుసుకోవడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది!

మర్నాడు విశాఖ చేరాం. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, కొండవాలు, చెట్లు, దూరాన సముద్రం. ఓడల నిర్మాణం కూడా ఇక్కడ చదువుకోవచ్చు. నా మనసు ఇక్కడే నిలిచిపోయింది. "ఇక్కడ కంప్యూటర్స్ తీసుకొంటే..." అని మొదలుపెట్టాను.

సాయంత్రం ఇసుకలో కూర్చున్నప్పుడు అమ్మాయి మెల్లగా అడిగింది: "నువ్వు తెలుగు ఎమ్మే చదువుతానన్నప్పుడు తాతయ్యేమన్నారు నాన్నా?"

నేను జవాబు చెప్పలేదు. బ్యాంకు పరీక్షలు రాయమన్న మా నాన్నగారు నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

తిరుగు రైల్లో ఒక యువ అధ్యాపకుడు పరిచయమైనాడు. "ఆప్షన్లు రాసేటప్పుడు ఏది వస్తుందో అని ఆలోచించకండి, ఏది కావాలో అది ముందు రాయండి. పై కోరిక దొరక్కపోతే కిందిది చూస్తారు. పైది రాసినందువల్ల కిందిదానికి నష్టంలేదు" అన్నాడు. ఇంతకాలం నేను దీన్ని తలకిందులుగా అర్థం చేసుకొన్నాను.

ఇంటికి వచ్చి అమ్మాయి వరుసగా రాసింది. మొదట కాకినాడ సివిల్, రెండోది విశాఖ సివిల్. నా ముఖంలోకి చూసి నవ్వి, మూడోది విశాఖ కంప్యూటర్స్ అని రాసింది.

ఆ మూడోది రాకూడదని ఆ రాత్రి దేవుడికి దండం పెట్టుకొన్నవాణ్ణి నేనే.