లైటు మీద నల్ల టేపు

మాస్టారి బండికి పెట్రోలు ముల్లు లేదు. పెట్రోలు తగ్గితే వెలిగే ఎర్ర లైటు ఒక్కటే ఉంది. అదీ రెండేళ్లుగా ఆరడం లేదు. ట్యాంకు నిండా పోయించినా వెలుగుతూనే ఉండేది. మెకానిక్‌కి చూపిద్దాం, చూపిద్దాం అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి. చివరికి ఓ రాత్రి చిన్న నల్ల టేపు ముక్క కత్తిరించి లైటు మీద అతికించేశారు. కంటికి కనబడకపోతే బాధే లేదు!

ఆయన లెక్కల మాస్టారు. జేబులో ఎప్పుడూ ఓ చిన్న నోటుబుక్కు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ మీటరు అంకె అందులో రాసుకునేవారు. లీటరుకి మైదానంలో 50 కిలోమీటర్లు, ఘాట్‌లో 40. రెండేళ్లలో ఒక్కసారి కూడా బండి తోసుకుంటూ రాలేదు. ‘లైటు అబద్ధం చెబుతుందేమో గానీ లెక్క చెప్పదు’ అని నవ్వేవారు.

ఇంకో అలవాటూ ఉంది. పాత బళ్లలో ట్యాంకు అడుగున కుళాయి ఉంటుంది. దాని లోపల ఒక గొట్టం పొడుగు, ఇంకోటి పొట్టి. పెట్రోలు పొడుగు గొట్టం కిందికి దిగగానే బండి గునుస్తుంది. అప్పుడు కుళాయిని రిజర్వుకి తిప్పితే పొట్టి గొట్టంలోంచి మిగిలిన పెట్రోలు వస్తుంది. ఘాట్‌లో మలుపు మధ్య బండి గునవడం ఇష్టంలేక మాస్టారు కుళాయిని ఎప్పుడూ రిజర్వులోనే ఉంచేవారు. లెక్క చేతిలో ఉండగా భయమెందుకు?

డిసెంబరులో ఆయన శిక్షణ తరగతులకని విశాఖపట్నం వెళ్లారు. నోటుబుక్కు ఆయనతోపాటే వెళ్లింది. హైదరాబాద్ నుంచి కొడుకు వచ్చాడు. చింతపల్లిలో ఉన్న అక్కని చూసి చాలా రోజులైందని అమ్మ అంటే, నర్సీపట్నం నుంచి తెల్లవారకముందే ఇద్దరూ ఆ బండి మీదే బయల్దేరారు. ట్యాంకు ఊపి చూశాడు, గలగలమంది. లైటేదీ వెలగడం లేదు. ఒకవేళ అయిపోయినా రిజర్వు ఉంటుందిగా అనుకున్నాడు.

లంబసింగి ఇంకా రాలేదు. ఘాట్ మలుపులో బండి రెండుసార్లు దగ్గినట్టు శబ్దం చేసి ఆగిపోయింది. రిజర్వుకి తిప్పబోతే కుళాయి అప్పటికే అక్కడుంది. చుట్టూ నాలుగడుగుల దూరంలో ఏముందో కనబడనంత మంచు. అమ్మకి ఉబ్బసం. చలికి పిల్లికూతలు మొదలయ్యాయి. మందు పీల్చే గొట్టం సంచీలో ఉంది కాబట్టి సరిపోయింది. ‘ఏం పర్వాలేదు నాన్నా’ అందామె, మాట మాటకీ ఆగుతూ. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు.

అరగంట తర్వాత అటుగా వచ్చిన ఓ బైకాయన ఆగాడు. తన బండి కుళాయి పైపు ఊడదీసి నీళ్ల సీసాలోకి పెట్రోలు పట్టి ఇచ్చాడు. వెళ్తూ వెళ్తూ మీటరు మీద టార్చి వేసి చూశాడు. ‘ఇదేంటి తమ్ముడూ, లైటుకి టేపేశారు?’ అన్నాడు.

మర్నాడు కొడుకే బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. అతను ముందు ట్యాంకు కింద వైరు పీకాడు. లైటు ఆరిపోయింది. ‘వైరింగ్ బాగానే ఉంది. తప్పు ట్యాంకులోనే’ అంటూ పెట్రోలంతా క్యాన్‌లోకి దింపి, లోపలి ఫ్లోటు బయటికి తీశాడు. అదో బోలు డబ్బీ. పెట్రోలు మీద తేలుతుంది. పెట్రోలు తగ్గితే కిందికి దిగి లైటు వెలిగిస్తుంది. చెవి దగ్గర ఊపితే లోపల చప్పుడైంది. డబ్బీ సన్నగా పగిలి, పెట్రోలు లోపలికి చేరి మునిగిపోయింది. అందుకే ట్యాంకు నిండా ఉన్నా ఖాళీ అనే చెబుతోంది. కొత్తది వేయడానికి గంట పట్టింది. ‘మీది పాత బండి కాబట్టి రిజర్వన్నా ఉంది బాబూ. 2020లో బీఎస్-6 వచ్చాక, ఇంజెక్టరు బళ్లకి ఆ కుళాయి కూడా లేదు. లైటే దిక్కు’ అన్నాడు మెకానిక్.

మాస్టారు ఊరినుంచి వచ్చారు. సంగతంతా విన్నారు. ‘నా లెక్క ప్రకారం ఇంకో పాతిక కిలోమీటర్లే వస్తుంది. నన్నడిగితే చెప్పేవాణ్ని కదా’ అన్నారు.

‘అడగాలని మాకెలా తెలుస్తుందండీ?’ అంది ఆవిడ. గొంతులో కోపమేమీ లేదు.

మాస్టారు మాట్లాడలేదు. బండి దగ్గరికెళ్లి కుళాయిని రిజర్వు నుంచి మామూలు వైపుకి తిప్పారు. లోపలికొచ్చి నోటుబుక్కులో కొత్త పేజీ తీశారు. తడి చేత్తో ముట్టుకుంటే జిల్లుమనే స్నానాల గది స్విచ్చు. గట్టిగా నొక్కి తిప్పితేగానీ సరిగా ఆగని గ్యాస్ రెగ్యులేటరు. ఐదో మెట్టు మీద కదిలే రాయి. ఆయనకి అన్నీ తెలుసు. తప్పించుకుని తిరగడం ఎలాగో కూడా తెలుసు. తెలియనిది ఇంట్లో మిగతావాళ్లకే.

జాబితా అరపేజీ దాటింది. అన్నిటికంటే పైన ‘బండి లైటు’ అని రాసి కొట్టేశారు. రెండోదాని కోసం ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ కలిపారు.