గన్నవరపు పశువైద్యశాలలో ఒక ఉదయము

రామవరప్పాడు దాటి, ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి ఒకటొకటిగా వెనుకబడగా, గోనెపట్టాలో చుట్టిన కుక్కకూనను ఒడిలో నుంచుకొని నేను గన్నవరము చేరునప్పటికి బాగుగ ప్రొద్దెక్కెను. మా వీధిలో పుట్టిన ఆరు కూనలలో అది యొకటి. నాలుగు వారములు నిండినవి. మా పిల్లలు ముచ్చటపడి తల్లికడనుండి తెచ్చి పెంచుచుండగా, మొన్న సాయంకాలమున మొదలైన పారుడు నిన్న రాత్రికి నీళ్లవిరేచనములై, కూన తల యెత్తలేని స్థితికి వచ్చెను. "కుక్కపిల్లలకి పారుడు మామూలే, అదే కట్టుకుంటుంది" అని ఇరుగుపొరుగువారు చెప్పిన మాటను నమ్మి ఒక రాత్రియంతయు ఊరకుంటినను బాధ దారిపొడవునను నన్ను వీడలేదు.

1998లో స్థాపింపబడి, నేడు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందియున్న ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల యిది. పాడిగేదెలు, దూడలు, మేకలు తమతమ వంతులకై నిలిచియుండెను. వైద్యురాలుగారు కూన మెడమీది చర్మమును వ్రేళ్లతో పట్టి విడిచిరి; అది వెంటనే సర్దుకొనక మడతగానే నిలిచెను. చిగుళ్లు జిగటగా నుండెను.

"ఏం పడుతున్నారండీ?"

"గేదెపాలు, డాక్టరుగారూ. నీళ్లు కలపకుండానే."

తల్లికుక్క పాలలో మాంసకృత్తులు గేదెపాలకంటె దాదాపు రెట్టింపనియు, పాలచక్కెర మాత్రము తక్కువయనియు, గేదెపాలలోని యా చక్కెరను అరిగించుకొనలేని లేతప్రేగులోనికి నీరు ఊరి విరేచనమగుననియు ఆమె వివరించిరి. గేదెపాలను మించిన బలము లేదని నమ్మి పెరిగిన డెల్టా గృహస్థుడనగు నాకు ఆ మాట మ్రింగుడుపడుటకు కొంతసేపు పట్టెను.

పాలతోనే కథ ముగియలేదు. మలమును సూక్ష్మదర్శినిక్రింద నుంచి చూడగా ఏలికపాముల గ్రుడ్లు కనబడెను. తల్లి కండలలో నిద్రాణములైయున్న పురుగుపిల్లలు చూలునాట మేల్కొని, గర్భములోనే కూనలను చేరునట. పిమ్మట పాలద్వారా మరికొన్ని చేరును. అందుచేతనే రెండవ వారము మొదలు ఎనిమిదవ వారము వరకు, రెండు వారముల కొకసారి, కూనలకును తల్లికిని కలిపి నట్టల మందు పోయవలెనని చెప్పిరి. ఈ గ్రుడ్లు మట్టిలో కలిసి, ఆడుకొను పసిపిల్లల కడుపులోనికిని చేరగలవని వినినంతనే మా వీధిలోని పిల్లలందరును నా కన్నులకు గట్టిరి.

ఆ ప్రక్కబల్లపై మూడునెలల కూన యొకటి సెలైను సీసా క్రింద పడియుండెను. నెత్తురు కలిసిన విరేచనము. ఒకసారి ఎరిగినవారు మరువజాలని ఆ దుర్గంధము. 1978లో లోకమునకు తెలియవచ్చిన పార్వో వైరసు అది. వేగముగ విభజన చెందు కణములను వెదకి పట్టును గనుక, ఇటు ప్రేగులోపలి పొరను, అటు ఎముకల మజ్జను ఒక్కమారే ధ్వంసము చేయును. వైరసును చంపు మందు లేదు. కోల్పోయిన నీటిని, లవణములను నరముద్వారా ఎక్కించుచు, వాంతులను అరికట్టుచు, దేహము తిరుగబడువరకు ప్రాణమును నిలుపుటే చికిత్స. ఆరవ, ఎనిమిదవ వారముల నడుమ టీకా మొదలిడి, మూడు నాలుగు వారముల కొకటి చొప్పున పదునారవ వారము వరకు వేయించవలెను. తల్లినుండి వచ్చిన రక్షణ తొలగనంతవరకు టీకా పట్టదు గనుక, ఒక్కటి వేయించి ఊరకుండుట చాలదు.

"ఇది దక్కకపోతే ఇంకో పిల్లను తెచ్చుకుంటాలేమ్మా" అని కన్నులు తుడుచుకొనుచు ఆ కూనను తెచ్చిన ముసలిరైతు పలికెను.

"ఆ వాకిట్లోకి టీకాలు పూర్తికాని పిల్లను తేకండి బాబాయ్. ఆ మట్టిలో వైరసు నెలల తరబడి బతికే ఉంటుంది. ఫినాయిలుకు చావదు, గచ్చునంతా బ్లీచింగుతో కడగాలి."

ఆయన ఆ మాటను రెండుమార్లు తనలో తాను చెప్పుకొనెను.

మా కూనకు చర్మముక్రింద సెలైను ఎక్కించి, నట్టల మందు చేతికిచ్చి, "తల్లి దగ్గరకే చేర్చండి" అని పంపిరి. సాయంకాలము నేనును మా పిల్లలును ఆరు కూనలను ఒకటొకటిగా తక్కెడలో తూచి, తూకమునకు తగినట్లు సిరంజితో నట్టల మందు పట్టితిమి. తల్లికి మాత్రము మాత్రను బెల్లపుముద్దలో పొదిగి పెట్టవలసివచ్చెను. జబ్బుపడిన కూన కొంత తడుముకొని, తోబుట్టువుల నడుమ దూరి, పాలు పట్టుకొనెను.