మీటరు తిరగని పని

వేసవి వచ్చిందంటే పుట్టపర్తి చుట్టుపక్కల చెరువుల్లో నీళ్లకంటే ప్రొక్లైనర్లే ఎక్కువ కనిపిస్తాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే సీమ మాది. ఆ పడిన నాలుగు చినుకులూ నిలవాలంటే పూడిక తీయాలి. పల్లె చెరువులో ఆ పని చేసేది ఈ చైను బండే. మల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లకు పెనుకొండ దాకా హంద్రీ-నీవా కాలువ తవ్వింది కూడా ఇలాంటి బండ్లే.

దసరా ఆయుధపూజ నాడు చూడాలి దాని వైభోగం. బకెట్ పళ్లకు కుంకుమ బొట్లు, క్యాబిన్‌కు బంతిపూల దండ, అద్దానికి కొత్త దిష్టిబొమ్మ. చైను కింద మాత్రం ఒక నిమ్మకాయ పెట్టి తొక్కిస్తారు. ఏడాది మొత్తానికీ చైనుకు దక్కే మర్యాద అంతే. బండి బతికినన్నాళ్లూ మరమ్మతులకు పోసే డబ్బులో దాదాపు సగం చైనూ రోలర్లూ ఉన్న ఆ కింది భాగమే తింటుందని యజమానికి తెలియక కాదు.

మా నేల చూడ్డానికి ఎర్రగా, మెత్తగా ఉంటుంది గానీ లోపలంతా పలుగురాళ్ల గరుసు. అది చైనును తిప్పే స్ప్రాకెట్ పళ్లకూ చైను బుష్షులకూ మధ్య చేరితే ఇనుమే అయినా అరగక తప్పదు. చెరువు మట్టిది ఇంకో తంటా. పగలంతా రోలర్ల సందుల్లోకి దూరి, రాత్రికి ఆరి గట్టిపడుతుంది. తెల్లారి బండి కదిలించగానే చైను బిగుసుకుని కిర్రుమంటుంది. డీజిలు ఎక్కువ తాగుతుంది, అరుగుడూ పెరుగుతుంది. సాయంత్రం మట్టి పచ్చిగా ఉన్నప్పుడే పారతో గీకేస్తే ఈ బాధ ఉండదు. ఎద్దుకు లాడం ఎంతో బండికి చైను అంతే. వెనకటికి రైతులు ఎద్దుకు లాడం ఊగుతోందని తెలిస్తే సంతరోజు దాకా కూడా ఆగేవాళ్లు కాదు.

చైను వదులు చూడటం పెద్ద విద్యేం కాదు. బండి పైభాగాన్ని పక్కకు తిప్పి, బకెట్ నేలకు ఆనించి బూముతో ఒత్తితే ఒక పక్క చైను గాల్లోకి లేస్తుంది. దాన్ని కాస్త ముందుకూ వెనక్కూ తిప్పి మట్టి రాలగొట్టాలి. ఆపి, ఫ్రేముకు దిమ్మెలు ఆనించాక, ఫ్రేము అడుగు నుంచి కింద వేలాడే చైను ప్లేటు దాకా నడిమధ్యన టేపు పెట్టాలి. ఇరవై టన్నుల బండికి సుమారు 30 నుంచి 34 సెంటీమీటర్లు ఉండాలి. కచ్చితమైన లెక్క బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అది ఏ పెట్టె అడుగున ఉందో వెతకండి. ఎక్కువ వేలాడితే గన్నుతో గ్రీజు కొట్టాలి. అది సిలిండరులో చేరి ముందున్న ఐడ్లరు చక్రాన్ని తోస్తుంది, చైను బిగుస్తుంది. మరీ బిగిస్తే ఆ సిలిండరు వాల్వును మెల్లగా, కొద్దికొద్దిగా వదలాలి. అప్పుడు మాత్రం ముఖం దాని ఎదుట పెట్టకూడదు. లోపలి ఒత్తిడికి చిమ్మిన గ్రీజు చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది.

నడపడంలోనూ జాగ్రత్త ఉంది. దూరం పోయేటప్పుడు స్ప్రాకెట్ వెనకవైపు ఉండాలి. రివర్సులో పరుగులు పెట్టించినా, ఎప్పుడూ ఒకే పక్కకు గిర్రున తిప్పినా చైను తొందరగా పోతుంది. తారురోడ్డు దాటించేటప్పుడు మనవాళ్లు పాత టైర్లు పరిచి, ఒక్కొక్కటీ ముందుకు జరుపుతూ ఎంత ఓపికగా దాటిస్తారో! అందులో పదో వంతు ఓపిక చైను మీద చూపించరు.

ఎందుకు చూపించరో ఒక ఆపరేటరు ఒక్క మాటలో చెప్పాడు: “చైను గీక్కుంటా కూచుంటే మీటరు తిరుగుతాదా అన్నా?”

నిజమే. బాడుగ గంటల మీద. ఇంజను ఆగితే మీటరు ఆగుతుంది, గీకిన గంట ఎవరి లెక్కలోకీ రాదు. ఆపరేటర్ల బద్ధకం గురించి యజమానులు చెప్పే కథలు నేను నమ్మను. జీతం లేని పని ఎవరైనా ఎన్నాళ్లు చేస్తారు?

కాబట్టి యజమానులకు ఒక మాట. బాడుగ మాట్లాడుకునేటప్పుడే రోజూ సాయంత్రం అరగంటను చైను కోసం పక్కన పెట్టండి, దాన్నీ పనిగంటగానే రాసి ఆపరేటరుకూ హెల్పరుకూ కూలి కట్టివ్వండి. కొత్త చైను ఖరీదుతో పోలిస్తే అది మీకు లెక్కలోకి వచ్చే ఖర్చు కాదు.